కుప్పయ్య ఆటోలో ఉపగ్రహం

ఆ గురువారం పొద్దున మునిరత్నం వేసుకున్న పథకం చాలా చిన్నది. అలిపిరి పాదాల మండపానికి పోవడం, టెంకాయ కొట్టడం, ఎండ ముదరకముందే ఇంటికి వచ్చి ఉప్మా తినడం. అంతకుమించి ఆ మనిషి జీవితంలో ఏదీ పెద్దగా కోరుకున్నవాడు కాదు, ఒక్క మిద్దె మీది కడ్డీల విషయంలో తప్ప.

ముందు ఆ కడ్డీల సంగతి చెప్పుకోవాలి, లేకపోతే మిగతా కథంతా గాలిలో ఉంటుంది. మునిరత్నం తిరుపతి టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడే ఆయనకు హామ్ రేడియో పిచ్చి పట్టుకుంది. అంటే సర్కారు దగ్గర లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే ఒక చిన్న వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని, మొహమైనా తెలియని ఊళ్లవాళ్లతో మాట్లాడుకోవడం. తుపాను వచ్చి ఫోన్లు చచ్చిపోతే ఊరికీ ఊరికీ కబురు మోసేది వీళ్లే. తుపాను లేని రోజుల్లో మాత్రం "వినబడుతోందా" అని ఒకరు, "వినబడుతోంది" అని ఇంకొకరు, అంతే వాళ్ల ముచ్చట. ఆ ముచ్చట కోసం మునిరత్నం తానున్న అద్దె ఇంటి మిద్దె మీద, పెద్ద చేపను తిని ముల్లు మిగిల్చినట్టుండే ఒక యాంటెన్నా నిలబెట్టాడు.

ఇంటి యజమానురాలు గంగులమ్మ కింది వాటాలో ఉండేది. పసుపు రాసిన కాళ్లు చాపుకుని, ఒళ్లో వక్కల పళ్లెం పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటే ఇక ఆమె మనది కాదు. పైన మునిరత్నం "వినబడుతోందా" అన్నప్పుడల్లా కింద సీరియల్లో కోడలి మొహం గీతలు గీతలుగా చీలిపోయేది. అదీ సరిగ్గా అత్త ఏదో రహస్యం చెప్పబోయే చోట. గంగులమ్మ ఓర్చుకుంది, ఓర్చుకుంది, ఒకరోజు మెట్లెక్కి వచ్చింది.

"మునిరత్నం, నువ్వు మంచోడివే. నీ పెండ్లాం నీకంటే మంచిది. ఆ చేపముల్లే నాకు గొంతులో పడింది. దింపెయ్."

"అక్కా, ఒక్క మాట ఇను. శుక్రవారం శ్రీహరికోట నుంచి మా రేడియోవాళ్ల కోసమని ఒక ఉపగ్రహం పోతాండాది. ఆదివారం పొద్దున అది మన నెత్తిమీదికి వస్తాది. దాంట్లోనుంచి మనిషి మాట నీకు వినిపిస్తా."

"వినబడకపోతే?"

"నేనే దింపేస్తా."

"వీధిలో అందరి ముందర?"

"అందరి ముందర."

"సరే. ఆదివారం మధ్యాన్నానికి మాటన్నా వినబడాల, ముల్లన్నా దిగాల" అని గంగులమ్మ సీరియల్ వేళయిందని దిగిపోయింది. మునిరత్నానికి ఆ రాత్రి అన్నం సయించలేదు. యాంటెన్నా దిగితే ఆయనకు మిగిలేది వాకిట్లో కుర్చీ, పాత పేపరు. అది ఆయన భార్య దేవకమ్మకూ తెలుసు. అందుకే ఆదివారం వచ్చేవాళ్లకు పెట్టాలని పెద్ద డబ్బా నిండా మురుకులు చుట్టింది. వాము వేసి, వెన్న కలిపి, ఎండలో చెమటలు కక్కుతూ చుట్టిన మురుకులు.

దేవకమ్మ తమ్ముడు ఆదిమూలానికి గాంధీ రోడ్డు పక్క సందులో మైకుసెట్ల అంగడి. బావవాళ్ల రేడియో క్లబ్బులో తనకు తానే ప్రచార కార్యదర్శి పదవి ఇచ్చుకున్నాడు. ఉపగ్రహం క్షేమంగా పోవాలని ముందుగానే కొండకు పోయి గుండు కూడా చేయించుకున్నాడు. శ్రీహరికోటలో పెద్దవాళ్లు రాకెట్టు పంపేముందు స్వామికి దాని నమూనా చూపిస్తారట, మనమూ ఒక నమూనా చేసి అలిపిరిలో పూజ చేయిద్దామన్నది అతని ఆలోచనే. అక్క వంటింట్లో పెద్ద చదరపు డబ్బా కనబడింది. దానికి వెండిరంగు కాగితం అంటించి, నాలుగు పక్కలా పాత ట్రాన్సిస్టర్ల ఏరియల్ పుల్లలు గుచ్చాడు. లోపల మురుకులున్నాయని తెలుసు. "ఖాళీ డబ్బా అయితే చేతిలో తేలిపోతుంది, బరువుంటేనే చూసేవాళ్లకు నమ్మకం" అనుకుని వాటిని అలాగే ఉంచి మూత చుట్టూ టేపు వేసేశాడు. అక్కకు చెప్పలేదు. చెబితే నమూనా ఉండదు.

గురువారం పూజ బాగా జరిగింది. కొత్త మోటారు సైకిళ్లు, కొత్త ట్రాక్టరు ఒకటి వరసలో ఉంటే, వాటి మధ్యన ఉపగ్రహాన్ని కూడా పెట్టి పసుపు కుంకుమ బొట్లు పెట్టించారు. నిమ్మకాయ కట్టించారు. తిరిగి రావడానికి ఎక్కిన ఆటో కుప్పయ్యది. దారి పొడుగునా ఆదిమూలం ప్రచారం ఆపలేదు.

"ఏందప్పా ఇది, పుల్లలు పుల్లలుగా ఉండాది?" అన్నాడు కుప్పయ్య అద్దంలోనుంచి చూస్తూ.

"ఉపగ్రహమప్పా. రేపు రాకెట్టులో పోతాది."

"స్వామికాడ పెట్టినారా?"

"పెట్టినాం. బొట్టు కనబడలా?"

కుప్పయ్య అద్దంలోనే డబ్బాకు దండం పెట్టుకున్నాడు. ఇల్లు రాగానే మునిరత్నం టెంకాయ చిప్పలు పట్టుకుని దిగాడు. ఆదిమూలం ప్రసాదం పొట్లం పట్టుకుని దిగాడు. చిల్లర దగ్గర కాస్త మాటామాటా అనుకున్నారు. ఆటో మలుపు తిరిగిపోయాక బావా బామ్మర్దులు ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. చిప్పలున్నాయి, పొట్లముంది. ఉపగ్రహం లేదు.

"నీ దగ్గరుండాది అనుకున్నా" అన్నాడు మునిరత్నం.

"నువ్వు పెద్దోడివని నీకు వదిలినా బావా" అన్నాడు ఆదిమూలం.

పోతే పోయింది, అట్టముక్కతో ఇంకొకటి చేసుకుందామని మునిరత్నం అన్నాడు. ఆదిమూలం ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో మునిరత్నానికి తెలియదు కానీ, అక్క మురుకుల డబ్బా ఎక్కడని అడిగే లోపల దాన్ని వెనక్కి తేవాలని అతని తొందర. అంగడికి పోయి మైకు కట్టిన ఆటో ఒకటి బయలుదేరదీశాడు. "తిరుపతి పురప్రజలకు విన్నపం. రేపు శ్రీహరికోట నుంచి ఆకాశానికి పోవలసిన ఉపగ్రహం ఈ పొద్దు ఒక ఆటోలో మరచిపోబడినది" అని బస్టాండు నుంచి తిరుచానూరు రోడ్డు దాకా గొంతు చించుకున్నాడు. మునిరత్నం పరుగెత్తి వచ్చి ఆటోను అడ్డగించాడు.

"నమూనా అని సెప్పరా నాయనా."

"నమూనా అంటే ఎవుడు యెతుకుతాడు బావా? అసలుదంటేనే యెతుకుతారు. పబ్లిసిటీ గురించి నీకు తెలీదు, నువ్వు గమ్మునుండు."

అంతటితో ఆగినా పోయేది. ఆ మధ్యాహ్నం సముద్రం మీద మబ్బులు కమ్మాయి. సాయంత్రం రేడియో వార్తల్లో, వాతావరణం బాగలేనందున శుక్రవారం పోవలసిన రాకెట్టు శనివారానికి వాయిదా పడింది అన్నారు. తిరుపతిలో ఆకాశం తళతళమని ఉంది. మబ్బుల మాట ఎవరూ చెవిన పెట్టలేదు. రాకెట్టు ఎందుకు ఆగిందో ఊరందరికీ మధ్యాహ్నమే మైకులో చెప్పేశారు కదా.

చీకటి పడేసరికి మునిరత్నం ఇంటి ముందర జనం మూగారు. పక్క వీధి పూజారి వచ్చాడు, పాలవాడు వచ్చాడు. లోకల్ పేపరు విలేఖరి వెంకటేశ్వర్లు వచ్చి, దేశం సొత్తును ఆటోలో తిప్పడానికి మీకు ఎవరు అనుమతి ఇచ్చారని అడిగాడు.

మునిరత్నానికి ఓపిక పోయింది. "అయ్యా, అది ఉపగ్రహం కాదు. నమూనా. వెండి కాగితం అంటించిన డబ్బా. మా ఇంట్లో మురుకులు పోసుకునే డబ్బా."

జనం నమ్మలేదు. నమ్మింది ఒక్క దేవకమ్మ. ఆమె వంటింట్లోకి పోయి చూసి, గరిట పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏ డబ్బా?"

ఆదిమూలం గుండు తడుముకున్నాడు. "అక్కా, దేశం పని మీద..."

"దేశం సంగతి తర్వాత మాట్లాడదాం. మురుకులు యాడ?"

"లోపల్నే ఉండాయి అక్కా. బద్రంగా ఉండాయి. టేపేసినా."

వెంకటేశ్వర్లు ఇవేవీ రాసుకోలేదు. మర్నాటి పేపర్లో "ఆటోలో మాయమైన ఉపగ్రహం, ఆగిన రాకెట్టు" అని పడింది. గంగులమ్మ చదివించుకుని విని, పైకి చూసి అంది: "చేతిలో ఉండేదాన్నే పోగొట్టుకున్నోడు ఆకాశంలో ఉండేదాన్ని ఏం పట్టుకుంటాడు? అయినా మాట ఇచ్చినా కదా, ఆదివారం దాకా చూస్తా." ఆ వెంటనే వెల్డింగ్ షాపు మనిషికి ఆదివారం నిచ్చెన తెమ్మని కబురు పెట్టింది.

కుప్పయ్య సంగతి చూద్దాం. అతను గురువారం బావాబామ్మర్దులను దింపాక చంద్రగిరి కోట చూడడానికి వచ్చిన యాత్రికులను ఎక్కించుకుని ఆ పక్కకు పోయాడు. ఇంటికి వచ్చేసరికి బాగా రాత్రయింది. భార్య మునెమ్మ వాకిట్లో కనకాంబరాలు కడుతూ ఊరి కబురంతా చెప్పింది. కుప్పయ్య పోయి వెనక సీటు వెనకాల చెయ్యి పెట్టాడు. చెయ్యికి డబ్బా పుల్లలు గుచ్చుకున్నాయి.

"మే, మునెమ్మా. రాకెట్టు ఆగింది నా వల్ల."

మునెమ్మ వచ్చి చూసింది. తలమీద కొంగు కప్పుకుంది. "మునిరత్నం సారుకు ఇచ్చేసి రాపో, బెరీన."

"ఇస్తే మల్లా యాడన్నా మరిచిపోతాడు. ఆయన చిప్పలు మరవలా, దీన్ని మరిచిపోయినాడు. ఆడ రాకెట్టు ఎదురు చూస్తాండాది మే. మనమే తీసకపోదాం."

"యాడికి?"

"శ్రీహరికోటకి."

"యోవ్, ఆయన బొమ్మ అంటాండాడంట కదా."

కుప్పయ్య ఆటో హ్యాండిలు మీద చెయ్యి వేశాడు. "ఈ ఆటో కొన్నప్పుడు అలిపిరిలో పూజ చేయించినాం. ఆటోకు చేయించినామా, ఆటో బొమ్మకు చేయించినామా? సామికి ఎవురన్నా బొమ్మను చూపించి, అసలుది ఇంట్లో పెట్టుకుంటారా?"

ఈ ప్రశ్నకు తిరుపతిలో ఎవరి దగ్గరా జవాబు ఉండదు. మునెమ్మ తువ్వాలు వెతకడానికి లోపలికి పోయింది.

శుక్రవారం తెల్లవారగానే బయలుదేరారు. మునెమ్మ వెనక సీట్లో డబ్బాను ఒళ్లో పెట్టుకుని, వేడెక్కకుండా తడి తువ్వాలు కప్పి, పైన కనకాంబరాల దండ వేసింది. రేణిగుంట దాటాక గుంతలో పడితే లోపల గలగలమంది.

"నిదానంగా పో. మిషన్లు ఊగులాడతాండాయి."

"బోల్టులు వదులైనాయేమో. ఆళ్లు చూసి బిగించుకుంటార్లే."

శ్రీకాళహస్తిలో టీ తాగడానికి ఆగినప్పుడు ఎవరో ఇదేమిటని అడిగారు, కుప్పయ్య చెప్పాడు. అక్కడినుంచి వెనకాల రెండు ఆటోలు, ఒక పాల వ్యాను తోడొచ్చాయి. మా ఊరి సరిహద్దు దాకా వస్తామన్నవాళ్లు సరిహద్దు దాటాక కూడా వెనక్కి తిరగలేదు. నాయుడుపేట దగ్గర ఒక పోలీసు చెయ్యి అడ్డం పెట్టాడు.

"తిరుపతి ఆటో ఈడికెందుకొచ్చింది? ఇంత దూరం పర్మిట్ ఉండాదా?"

"నాకు లేదు సార్" అన్నాడు కుప్పయ్య. "అది పైన తిరిగేది, దానికి పర్మిట్ ఎవురిస్తారో మీకు తెలిస్తే సెప్పండి. నేను గేటుకాడ దింపేసి వచ్చేస్తా."

పోలీసు లోపలికి వంగి చూశాడు. బొట్లు చూశాడు, నిమ్మకాయ చూశాడు, కళ్లు మూసుకుని పెదవులు కదిలిస్తున్న మునెమ్మను చూశాడు. పక్కకు జరిగి టోపీ తీసి దారి ఇచ్చాడు.

సూళ్లూరుపేట దాటితే పులికాట్ సరస్సు నడుమన నేరుగా పోయే రోడ్డు. రెండు పక్కలా నీళ్లు, ఆ నీళ్లలో పొడుగు కాళ్ల మీద నిలబడిన పక్షులు. వాటిని చూసి మునెమ్మ, ఇంత చల్లటి చోటునుంచి పంపిస్తే ఎందుకు పోదు, హాయిగా పోతుంది అంది. గేటు దగ్గర కాపలావాళ్లు ఈ ఊరేగింపును ఆపేశారు. డబ్బాను జాగ్రత్తగా లోపలి గదిలోకి తీసుకుపోయారు. చాలాసేపటికి ఒక పెద్ద ఆఫీసరు బయటికి వచ్చాడు. వాయిదా పడిన రాకెట్టు పనుల్లో పొద్దుటినుంచి టిఫినైనా తినని మొహం ఆయనది. మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"అయ్యా, ఇది నమూనా. అసలుది ఎప్పుడో రాకెట్టులో పెట్టేశారు. మబ్బుల వల్ల ఆగింది."

కుప్పయ్య మర్యాదగా నవ్వాడు. "మీరట్లే సెప్పాల సార్. రహస్యం కదా. సామికాడ పూజైంది, బొట్లు చెరపొద్దండి. బోల్టులు ఒకసారి చూసుకోండి."

ఆఫీసరు ఇంకేదో చెప్పబోయి, మునెమ్మ చేతులు జోడించి ఉండడం చూసి ఆగాడు. లోపల కరకరమని శబ్దం వినిపిస్తోంది. "సరే నాయనా. మీది మాకు చేరింది. రేపు సరస్సు ఒడ్డున జనం నిలబడే చోట నిలబడి చూడండి. పోయేటప్పుడు డబ్బా పట్టుకుపోండి" అన్నాడు.

శనివారం మబ్బు విడిచింది. రాకెట్టు పోయింది. సరస్సు ఒడ్డున నిలబడి కుప్పయ్య ఏడ్చాడు, మునెమ్మ ఏడ్చింది, పాల వ్యాను మనిషి కూడా ఏడ్చాడు.

ఆదివారం పొద్దున తిరుపతిలో గంగులమ్మ మిద్దె మీద కాలు పెట్టడానికి చోటు లేదు. మునిరత్నం తన సెట్టు ముందర కూర్చున్నాడు. పిట్టగోడకు నిచ్చెన ఆనించి వెల్డింగ్ మనిషి స్పానరుతో సిద్ధంగా ఉన్నాడు. వీధి చివరిదాకా వినబడాలని ఆదిమూలం నాలుగు గొట్టాల మైకులు తెచ్చి సెట్టుకు తగిలించాడు.

"ఇదంతా వద్దురా. మైకుసెట్టు గోల సెట్టులోకి వస్తాది."

"పబ్లిక్ కు వినబడాల కదా బావా."

ఉపగ్రహం నెత్తిమీదికి వచ్చే వేళయింది. అది ఆకాశంలో ఉండేది ఒక పెసరట్టు తిన్నంత సేపే, తర్వాత కొండ అవతలికి దిగిపోతుంది. గొట్టాల్లోనుంచి కూ అని ఊళ, బుస్సుమని చప్పుడు. ఇంకేమీ లేదు. మునిరత్నం మొహాన చెమట కారుతోంది. చెయ్యి బొత్తాన్ని తిప్పుతోంది, తిప్పుతోంది. జనంలో ఎవరో నవ్వారు.

"మునిరత్నం" అంది గంగులమ్మ, కోపంగా కాదు, జాలిగా. జాలి ఇంకా కష్టంగా ఉంది. "చాల్లే నాయనా. దింపేదానికి చెప్తా ఉండా."

వెల్డింగ్ మనిషి నిచ్చెన మొదటి మెట్టు ఎక్కాడు. సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో ఆటో హారన్లు మోగాయి. ముందర కుప్పయ్య ఆటో, పూలదండలతో. వెనకాల ఊళ్లవాళ్ల ఆటోలు. మునెమ్మ డబ్బాను పైకెత్తి చూపిస్తోంది.

"దొరికింది బావా" అని ఆదిమూలం కేక పెట్టి, స్వాగతం చెప్పడానికి మైకుసెట్టు తీగలన్నీ పీకేసి చంకలో పెట్టుకుని మెట్లు దిగి పరుగెత్తాడు.

మిద్దె మీద ఊళ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మునిరత్నం సెట్టు పిచ్చుక పిల్లలా కుయ్ కుయ్ మంది. తర్వాత గరగరమంటూ ఒక మనిషి గొంతు. ఇంగ్లీషులో తన పేరూ ఊరూ చెప్పి, ఎవరైనా ఉన్నారా అని అడుగుతోంది.

నిచ్చెన మీది మనిషి అక్కడే ఆగాడు. గంగులమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని సెట్టు దగ్గరికి వంగింది.

"ఎవురాయన?"

"కొలంబో ఆయన అక్కా. సముద్రం అవతల. మాట పైకి పోయి, ఉపగ్రహంలో తగిలి మనకు వస్తాండాది."

"ఏమంటాడు?"

"ఆడ వానంట."

"ఈడ ఎండగా ఉండాదని సెప్పు. వడియాలు పెట్టుకున్నానని సెప్పు."

మునిరత్నం ఇంగ్లీషులో ఎండ అని చెప్పాడు, వడియాలని కూడా చెప్పాడు. క్షణం ఆగి అవతలి గొంతు నవ్వింది, సంతోషమని చెప్పింది, కొండ అవతలికి జారిపోయింది. గంగులమ్మ నిటారుగా నిలబడి నిచ్చెన వైపు చూసింది.

"ఏమప్పా, ఇంకా ఎక్కినావే? దిగు. నా వడియాల సంగతి పైకి పోయింది ఆ ముల్లు మీదనే. సీరియలు టైములో మాత్రం మాట్లాడగూడదు మునిరత్నం, చెప్తాండా."

మునిరత్నం తల ఊపాడు. కళ్లు తుడుచుకున్నాడు.

కింద వీధిలో అప్పటికే కుప్పయ్య మెడలో దండ పడింది. మునిరత్నం దిగి వచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా అని గొంతు సవరించుకున్నాడు. "అప్పా, ఈ డబ్బాకూ ఆ ఉపగ్రహానికీ సంబంధం లేదు. ఇది నమూనా."

కుప్పయ్య డబ్బా మూత తీసి అందరికీ చూపించాడు. "పోయేటప్పుడు గలగలమంటా ఉన్నింది సార్, మునెమ్మను అడగండి. ఆఫీసరు లోపలికి తీసకపోయినాడు. తెల్లారి రాకెట్టు పోయింది. ఇప్పుడు సూడండి, ఖాళీ. లోపలిది యాడికి పోయిందో మీరే సెప్పండి."

జనం చప్పట్లు కొట్టారు. ఆదిమూలం మైకులో ప్రకటించాడు. వెంకటేశ్వర్లు ఈసారి రాసుకున్నాడు. మునిరత్నం మిద్దె వైపు ఒకసారి చూసుకున్నాడు. కడ్డీలు అక్కడే ఉన్నాయి. ఇక తానూ చప్పట్లు కొట్టాడు.

మునెమ్మ దేవకమ్మ చేతికి డబ్బా ఇచ్చింది. "ఆఫీసరు సార్లందరూ శానా బాగుండాదని సెప్పమన్నారమ్మా. ఏది బాగుండాదో సెప్పలా."

దేవకమ్మ డబ్బా అడుగున వేలితో తడిమి, అంటుకున్న పొడి నాలుక మీద వేసుకుని రుచి చూసింది. వారం తిరగకముందే కుప్పయ్య ఆటో వెనకాల "ఉపగ్రహాన్ని దింపిన బండి" అని ఎర్ర అక్షరాలు వెలిశాయి.

ఆ ఉపగ్రహంలో ఉప్పు ఒక పిసరు తక్కువైందని దేవకమ్మ ఇప్పటికీ అంటుంది.